సైలో నిండిందని కడ్డీకి ఎలా తెలుస్తుంది?

చిన్నీ, బాబీ,

మూత వేసిన సైలోలో, అంటే ధాన్యం నిల్వచేసే పెద్ద ఇనుప గాదెలో, వడ్లు ఎంతదాకా వచ్చాయో కింద గదిలో కూర్చున్నవాళ్లకి ఎలా తెలుస్తుందని మొన్న ఫోన్‌లో అడిగారు కదా. ఇన్నేళ్లు రైస్ మిల్లుల్లో ఆ మీటర్లే చూసుకున్నాను, రెండు ముక్కల్లో చెప్పి వదిలేయాలనిపించలేదు.

ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంటే ఎలక్ట్రీషియన్ కండెన్సర్ మారుస్తాడు చూడండి, దాని అసలు పేరు కెపాసిటర్. అందులో ఉండేది రెండు లోహపు పొరలు, వాటి మధ్య కరెంటు పోనివ్వని పదార్థం, అంతే. అది ఎంత ఛార్జ్ పట్టి ఉంచుతుందన్నది, అంటే దాని కెపాసిటెన్స్, పొరల సైజు, మధ్య దూరం, ఆ పదార్థం, ఈ మూడింటిని బట్టి ఉంటుంది. పదార్థం మారితే లెక్క మారుతుందని 1830ల్లో ప్రయోగాలు చేసి చూపించినవాడు ఫారడే అనే శాస్త్రవేత్త, కెపాసిటెన్స్‌ని కొలిచే ఫారడ్‌కి ఆయన పేరే పెట్టారు.

ఇప్పుడు సైలో పైనుంచి నిలువుగా ఒక కడ్డీ దించారనుకోండి. కడ్డీ ఒక పొర, ఇనుప గోడ రెండో పొర. ఖాళీగా ఉంటే మధ్యలో గాలి. మధ్య పదార్థం గాలి కంటే ఎన్ని రెట్లు ఛార్జ్ పట్టనిస్తుందో చెప్పే విలువ ఒకటుంది, గాలికి అది 1. ఎండిన ధాన్యానికి సుమారు 3 నుంచి 5. వడ్లు పైకొచ్చేకొద్దీ కెపాసిటెన్స్ పెరుగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడొకసారి, నిండినప్పుడొకసారి మీటర్‌కి చూపిస్తే, మధ్యదంతా అదే లెక్కగడుతుంది.

చిక్కు ఎక్కడంటే, నీటికి ఆ విలువ దాదాపు 80! ఒక ఏడాది కోతల్లో వానలు పడి మిల్లుకి అన్నీ పచ్చి వడ్లే వచ్చాయి. రాత్రి మీటర్ ఫుల్ అని చూపించగానే వడ్లు పైకెక్కించే ఎలివేటర్ ఆపేశారు, బయట రైతులు లారీల పక్కన తడుస్తూ నిలబడ్డారు, నాకైతే ఒకటే టెన్షన్. నిచ్చెనెక్కి మూత తీసి చూస్తే లోపల బోలెడు చోటుంది. మీటర్ చెడిపోలేదు, ఎండు వడ్లకి పెట్టిన లెక్కతో పచ్చి వడ్లని కొలిచింది. తాడుకి బరువు కట్టి దించి, ఎత్తు కొలుచుకుని, లెక్క మళ్లీ సెట్ చేశాకే అన్‌లోడింగ్ మొదలైంది. అప్పట్నుంచి ఏ మీటర్ దగ్గరికెళ్లినా ముందు లోపలున్న సరుకు పట్టుకుని చూస్తాను.

నీళ్ల ట్యాంకుల్లో కడ్డీకి టెఫ్లాన్ తొడుగు వేస్తారు, లేకపోతే నీళ్లలోంచి కరెంటు పోతుంది. అక్కడ నీళ్లే రెండో పొర, తొడుగు మధ్య పదార్థం.

దసరాకి వచ్చేటప్పుడు ప్లాస్టిక్ సీసా ఒకటి దాచి తీసుకురండి. బయట వంటింటి ఫాయిల్ చుట్టి, లోపల అడుగుదాకా ఒక తీగ వేలాడదీసి, గ్లాసు గ్లాసుగా నీళ్లు పోద్దాం. నా మీటర్‌లో అంకె పెరగడం మీరే చదువుదురుగాని.

తాతయ్య