మందుల డబ్బా వెనుక 148 మంది

2025 జనవరి చివర్లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వెబ్‌సైట్ నుంచి కొన్ని పేజీలు మాయమయ్యాయి. కొత్త మందును ఏయే వర్గాల మనుషుల మీద పరీక్షించబోతున్నారో కంపెనీలు ముందుగానే ప్రణాళిక ఇవ్వాలని చెప్పే ముసాయిదా మార్గదర్శకం వాటిలో ఒకటి. వైవిధ్యం, సమానత్వం పేరిట సాగే కార్యక్రమాలను ఆపేయాలంటూ అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చిన కొద్ది రోజులకే ఇది జరిగింది. ఫిబ్రవరిలో కోర్టు జోక్యంతో పేజీలు తిరిగొచ్చాయి. ఆ ప్రణాళికలను తప్పనిసరి చేసిన 2022 డిసెంబరు నాటి చట్టం రద్దు కాలేదు. అయినా వాదన చల్లారలేదు. మందు మందే కదా, వేసుకునే మనిషి రంగుతో దానికేం పని అన్నది ఒక పక్షం ప్రశ్న. వినడానికి సబబుగానే ఉంటుంది. లూపస్‌తో కిడ్నీలు దెబ్బతిన్న ఆఫ్రికన్ అమెరికన్ మహిళల మందుల డబ్బా తెరిచి చూస్తే మాత్రం అంత తేలిగ్గా తేలే ప్రశ్న కాదని తెలుస్తుంది.

లూపస్ గురించి రెండే మాటలు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే ఒంటి మీద పడే జబ్బు ఇది. బాధితుల్లో పదింట తొమ్మిది మంది ఆడవాళ్లు. తెల్లవారితో పోలిస్తే నల్లజాతి మహిళలకు రెండు మూడు రెట్లు ఎక్కువగా, చిన్న వయసులోనే వస్తుంది. కిడ్నీలను పట్టేదీ వారిలోనే ఎక్కువ. ఇక సిఫిలిస్ సోకిన నల్లజాతి మగవారికి చికిత్స ఇవ్వకుండా దశాబ్దాల పాటు గమనిస్తూ కూర్చున్న అమెరికా టస్కెగీ ప్రయోగం కథ ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను. నిజానికి ఆ కథ చెప్పి, వాళ్లకు డాక్టర్ల మీద నమ్మకం లేదు, అందుకే ట్రయల్స్‌కు, అంటే మనుషుల మీద జరిపే మందుల పరీక్షలకు రారు అని తేల్చేయడం చాలామందికి మంచి సాకైపోయింది.

ముందు డబ్బా సంగతి చూద్దాం. ఏడు రోజులకు, పూటకొకటి చొప్పున పద్నాలుగు గళ్లు. రోగనిరోధక వ్యవస్థను అదుపులో పెట్టే వోక్లోస్పోరిన్ అనే మందు వాడే మనిషి ఒక్కో గడిలో మూడు క్యాప్సూళ్లు వేయాలి. దానితోపాటు అదే పని చేసే మైకోఫెనలేట్ అనే మరో మందు పూటకు గ్రాము, అంటే ఐదు వందల మిల్లీగ్రాముల మాత్రలు రెండు. ఈ రెండు మందులకే వారానికి డెబ్బై అయ్యాయి. స్టెరాయిడ్, హైడ్రాక్సీక్లోరోక్విన్, రక్తపోటు మాత్ర, ఒంట్లో చేరిన నీరు తీసే మాత్ర ఇంకా లెక్కలోకి రాలేదు. స్టెరాయిడ్ ఏదైనా తిన్నాకే వేసుకోవాలి. వోక్లోస్పోరిన్ పరగడుపున వేసుకోవాలి, రెండు పూటలకూ మధ్య దాదాపు పన్నెండు గంటల ఎడం ఉండాలి. రాత్రి డ్యూటీ చేసే మనిషికి పరగడుపు ఎప్పుడో ఆ మనిషే తేల్చుకోవాలి. నీరు తీసే మాత్ర పొద్దున్నే వేసుకుని బస్సెక్కితే దారిలో దిగి మరుగుదొడ్డి వెతుక్కోవాలి. అందుకని పని నుంచి ఇంటికొచ్చాక వేసుకుంటారు, లేదా ఆ రోజుకు మానేస్తారు. స్టెరాయిడ్‌తో నిద్ర పట్టదు, ముఖం చంద్రబింబంలా ఉబ్బుతుంది. చూసినవాళ్లు కాస్త ఒళ్లు చేశావని మెచ్చుకుంటే నవ్వి ఊరుకోవాలి. గర్భంలోని బిడ్డకు హాని చేసే గుణం ఉన్నందున మైకోఫెనలేట్ మొదలుపెట్టే ముందు ఒకసారి, ఎనిమిది పది రోజుల తర్వాత మరోసారి గర్భ పరీక్ష చేయించుకోవాలని 2012లో ఎఫ్‌డీఏ పద్ధతి పెట్టింది. పిల్లల్ని కనాలనుకునే వయసులోనే ఈ జబ్బు రావడం వల్ల ఆ ఒక్క మాత్ర ఇంట్లో ఎన్ని మాటలకు దారితీస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

నా లెక్కలో అసలు మలుపు 2011 మార్చి 9. ఆ రోజు ఎఫ్‌డీఏ బెలిముమాబ్ అనే ఇంజెక్షన్‌ను లూపస్‌కు అనుమతించింది. 1955 తర్వాత ఈ జబ్బు కోసమే అనుమతి పొందిన మొదటి కొత్త మందు అదే. అంతకుముందు నవంబరులో నిపుణుల కమిటీ 13-2 ఓట్లతో పచ్చజెండా ఊపింది. పత్రికలు పండగ చేసుకున్నాయి. అయితే ఎఫ్‌డీఏ ప్రకటనలోనే ఒక ముల్లు ఉంది. ఈ ట్రయల్స్‌లో పాల్గొన్న నల్లజాతి రోగుల్లో మందు చెప్పుకోదగ్గ ఫలితం చూపలేదు, కానీ ఒక నిర్ణయానికి రావడానికి వారి సంఖ్య చాలదు అన్నది దాని సారాంశం.

సంఖ్య ఎంత? రెండు ట్రయల్స్‌లో కలిపి 1,684 మంది రోగులుంటే నల్లజాతి వారు 148 మంది. వారిలో పోలిక కోసం ఉత్తుత్తి మందు (ప్లాసిబో) ఇచ్చిన 50 మందిలో 22 మందికి మెరుగైంది. అసలు మందు పూర్తి మోతాదు తీసుకున్న 50 మందిలో 18 మందికే మెరుగైంది. అంటే మందు వేసుకోనివారి పరిస్థితే నయం అన్నట్టు అంకెలు వచ్చాయి. ఇంత చిన్న గుంపులో అది నిజమో కాకతాళీయమో ఎవరూ చెప్పలేరు. చెప్పలేని స్థితిలోనే మందు బజారులోకి వచ్చింది.

ఆ 148 ఎందుకంత చిన్నదైందో చూస్తే అపనమ్మకం కథ పలచబడుతుంది. రెండు ట్రయల్స్‌లో ఒకటి 13 దేశాల్లో జరిగింది. లాటిన్ అమెరికా దేశాలు, రష్యా, ఫిలిప్పీన్స్, మన భారతదేశం కూడా ఆ జాబితాలో ఉన్నాయి, అమెరికా లేదు. మొత్తం రోగుల్లో సగానికి పైగా అక్కడివారే. రెండో కారణం, కిడ్నీలు తీవ్రంగా దెబ్బతిన్నవారిని రెండు ట్రయల్స్ నుంచీ మినహాయించారు. ఏ జబ్బు రూపం నల్లజాతి మహిళల్లో ఎక్కువో, ఆ రూపం ఉన్నవారికి గుమ్మం దగ్గరే తలుపు మూశారు. రాలేదు అనే ముందు రానిచ్చారా అని అడగాలి కదా.

రానిస్తే ఏమవుతుందో అప్పటికే తెలుసు. 2005లో న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లోని సునీ డౌన్‌స్టేట్ వైద్య విశ్వవిద్యాలయ వైద్యురాలు ఎలెన్ గింజ్లర్ బృందం 140 మంది లూపస్ కిడ్నీ రోగులతో ఒక ట్రయల్ ఫలితాలు ప్రచురించింది. వారిలో సగానికి పైగా నల్లజాతి వారే. అప్పటిదాకా దిక్కు సైక్లోఫాస్ఫమైడ్. నెలనెలా సెలైన్‌లో ఎక్కించే ఆ మందు జుట్టు రాల్చేది, అండాశయాలను దెబ్బతీసి పిల్లలు పుట్టే యోగాన్నే పోగొట్టేది. దానికి పోటీగా మైకోఫెనలేట్ మాత్రలు ఇచ్చి చూశారు. ఆరు నెలలకు మాత్రలు వేసుకున్న 71 మందిలో 16 మందికి జబ్బు పూర్తిగా సద్దుమణిగింది. సెలైన్ ఎక్కించుకున్న 69 మందిలో నలుగురికే. తర్వాత 370 మందితో జరిగిన మరో పెద్ద ట్రయల్‌లో, అందరినీ కలిపి చూస్తే రెండు మందులూ సమానమే అనిపించింది. తెల్లవారిని, ఆసియావారిని పక్కన పెట్టి, నల్లజాతి రోగులు కూడా ఉన్న మిగతా గుంపును విడిగా చూస్తే మాత్రల వల్ల 60 శాతం మందికి, సెలైన్ వల్ల 39 శాతం మందికి మెరుగైంది. సగటులో ఈ తేడా కలిసిపోయి కనిపించలేదు. పైన చెప్పిన డబ్బాలో మైకోఫెనలేట్ ఉండటానికి కారణం ఆ లెక్కలే.

2011లో బెలిముమాబ్‌ను అనుమతిస్తూ, నల్లజాతి రోగుల్లో అది పనిచేస్తుందో లేదో తేల్చాలని ఎఫ్‌డీఏ అడిగిన అదనపు పరీక్ష మాటేమైంది? నల్లజాతి రోగులతోనే జరిపారు, నాయకత్వం మళ్లీ గింజ్లర్‌దే. 448 మంది ఫలితాలు పత్రికలో పూర్తిగా వచ్చేసరికి 2022 అయింది. మందు తీసుకున్నవారిలో 48.7 శాతం, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 41.6 శాతం మెరుగయ్యారు. మొగ్గు మందు వైపే ఉన్నా, అది కాకతాళీయం కాదని చెప్పగలిగే గణాంకాల గీటు దాటలేదు. పదకొండేళ్లకు దొరికిన జవాబు అది.

కంపెనీల పక్షం వాదన ఒకటుంది. ప్రతి వర్గానికీ సరిపడా మనుషులు దొరికే వరకూ ఆగితే మందు రావడమే ఆలస్యమవుతుందని, జాతి అన్నది జీవశాస్త్రంలో లేని గీత అని వారంటారు. రెండో మాటలో నిజం ఉంది. మొదటి దానికి, సగానికి పైగా నల్లజాతి వారినే చేర్చుకున్న 2005 ట్రయల్ సమాధానం.

2020 మార్చిలో మరో దెబ్బ పడింది. హైడ్రాక్సీక్లోరోక్విన్ కరోనాకు పనిచేస్తుందని అధ్యక్షుడే విలేఖరుల ముందు చెప్పాక అమెరికా మందుల షాపుల్లో అది ఖాళీ అయింది. మన పాఠకులకు ఈ ఘట్టం రెండో వైపు నుంచి గుర్తుండే ఉంటుంది. భారత్ ఎగుమతులు ఆపి, ఏప్రిల్ మొదట్లో మళ్లీ సడలించింది. కరోనాకు ఆ మందు పనికిరాదని జూన్ 15న ఎఫ్‌డీఏ అత్యవసర అనుమతి ఉపసంహరించుకుంది. మధ్యలో ఆ నెలల్లో, ఏళ్ల తరబడి రోజూ అదే మాత్ర వేసుకుంటున్న లూపస్ రోగులు ఉన్న మాత్రలను రోజు విడిచి రోజు సర్దుకోవాల్సి వచ్చింది.

ఇలా సర్దుకోవడం ఆసుపత్రి ఫైలులో ఎలా కనిపిస్తుంది? షికాగో పరిశోధకులు 18,459 మంది రోగుల 40,113 వైద్య నోట్లను పరిశీలించి 2022లో ఒక వ్యాసం ప్రచురించారు. చెప్పినట్లు చేయలేదు, నిరాకరించింది వంటి ప్రతికూల మాటలు నల్లజాతి రోగుల నోట్లలో పడే సంభావ్యత నిష్పత్తి, తెల్లవారితో పోలిస్తే 2.54 (ఒకటి అయితే తేడా లేనట్టు). బస్సు ప్రయాణం వల్ల నీరు తీసే మాత్ర సాయంత్రానికి జరిగిందని రాసేంత జాగా అలాంటి నోట్లలో ఉండదు. రేపు కొత్త ట్రయల్‌కు, మందులు క్రమం తప్పకుండా వేసుకునే మనుషులు కావాలంటూ వెతికేవారు ముందుగా తిరగేసేది ఆ ఫైలునే.