గురి తప్పితే కాళ్లు కట్టే బాకీ

మేడారం జాతర ముగిసిన వారానికే ఇటలీలో శీతాకాల ఒలింపిక్స్ మొదలయ్యాయి. వరంగల్‌లో ఫ్యాన్లు తిరగడం మొదలైన రోజుల్లో టీవీలో మంచు చూడటం ఒక వింత సుఖం. ఆ రోజుల్లోనే హనుమకొండలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి నన్ను అడిగింది: "సార్, బయాథ్లాన్‌లో మంచు మీద జారుకుంటూ వచ్చి రొప్పుతూనే తుపాకీ పేలుస్తారు కదా. గుండె దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ చూసుకుని ట్రిగ్గర్ నొక్కుతారట. నిజమేనా?"

ప్రశాంతంగా నిలబడి కాల్చే పిస్టల్ షూటర్ల విషయంలో అందులో కొంత నిజముంది. బయాథ్లాన్‌లో మాత్రం కుదరదు. ఎందుకు కుదరదో చెప్పాలంటే కాస్త లెక్క చెయ్యాలి. ఆ లెక్క చివరికి నన్ను మాగ్దలేనా నోయ్నర్ అనే జర్మన్ ఛాంపియన్ దగ్గరికి తీసుకెళ్లింది.

ఆట నియమాలు నాకు పెద్దగా ఆసక్తి లేని భాగం, గబగబా చెప్పేస్తాను. మహిళల స్ప్రింట్ 7.5 కి.మీ. మధ్యలో ఒకసారి పడుకుని, ఒకసారి నిలబడి, ఐదేసి తూటాలు కాల్చాలి. దూరం 50 మీటర్లు. ఒక్కో తూటా తప్పితే 150 మీటర్ల పెనాల్టీ చుట్టు ఒకటి అదనంగా తిరగాలి. 10 కి.మీ. పర్స్యూట్ (స్ప్రింట్‌లో వచ్చిన సమయం తేడాలతోనే ఒకరి వెనక ఒకరు బయల్దేరే పోటీ), 12.5 కి.మీ. మాస్ స్టార్ట్ (అందరూ ఒకేసారి బయల్దేరే పోటీ) రెంటిలోనూ రెండేసి సార్లు పడుకుని, రెండేసి సార్లు నిలబడి, మొత్తం ఇరవై తూటాలు కాల్చాలి. 15 కి.మీ. ఇండివిడ్యువల్‌లోనూ ఇరవై తూటాలే, కానీ అక్కడ చుట్లు ఉండవు. తప్పుకి ఒక నిమిషం చొప్పున సమయంలో కలిపేస్తారు. రైఫిల్ బరువు 3.5 కిలోలకు తగ్గకూడదు, దారంతా అది వీపు మీదే ఉంటుంది. ఒలింపిక్స్‌లో మగవాళ్లకి ఈ ఆట 1960లో వస్తే, ఆడవాళ్లకి 1992 దాకా రాలేదు.

ఇక అసలు సంగతి. పడుకుని కాల్చేటప్పుడు తూటా తగలాల్సిన వలయం అడ్డుకొలత 45 మి.మీ. నిలబడి కాల్చేటప్పుడు 115 మి.మీ. దూరం నుంచి కనిపించే నల్లటి చుక్క రెండు సార్లూ 115 మి.మీ.లే. పడుకున్నప్పుడు మాత్రం దాని నడిబొడ్డున తగిలితేనే లెక్క. రైఫిల్‌ని మీటరు పొడవున్న కర్ర అనుకోండి. దాని కొన ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే 50 మీటర్ల అవతల గురి 50 మిల్లీమీటర్లు జరుగుతుంది. చిన్న వలయం వ్యాసార్ధం 22.5 మి.మీ. కాబట్టి పడుకున్న మనిషికి కొన దగ్గర ఉన్న అనుమతి 0.45 మి.మీ. మాత్రమే. నిలబడిన మనిషికి 1.15 మి.మీ. మన కాలేజీల్లో రేడియన్ అనగానే పై బై వన్ ఎయిటీ అని సూత్రం బట్టీ పట్టిస్తాం. మీటరుకి మిల్లీమీటరు జరిగితే అదే ఒక మిల్లీరేడియన్ అని ఇలా తుపాకీ చూపించి చెబితే ఏ పిల్లవాడూ జన్మలో మరిచిపోడు.

నిలబడి కాల్చే వలయం వైశాల్యం ఆరున్నర రెట్లు పెద్దది. అయినా అందరూ తప్పేది అక్కడే. ఎందుకో తెలియాలంటే పద్మాక్షి గుట్ట మెట్లు ఆగకుండా పరుగున ఎక్కి, పైన నిలబడి సూదిలో దారం ఎక్కించి చూడండి. మొదట చేతులు రెండూ చాచి, ఒకదానికొకటి తగలకుండా ప్రయత్నించండి. సూది ఒక లయలో వణుకుతుంది, దారం ఇంకో లయలో వణుకుతుంది. ఇప్పుడు మెట్టు మీద కూర్చుని మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, రెండు మణికట్లూ ఒకదానికొకటి తాకించండి. గుండె అంతే వేగంగా కొట్టుకుంటోంది, ఆయాసమూ అంతే ఉంది, కానీ దారం దూరుతుంది. వణుకు తగ్గలేదు. సూదీ దారమూ కలిసి వణుకుతున్నాయి, అంతే. పడుకుని కాల్చడమంటే ఇదే. మోచేతులు రెండూ నేల మీద ఉంటాయి, రైఫిల్ పట్టీ పైచేతిని బిగించి పట్టుకుంటుంది, ఒళ్లూ తుపాకీ నేలా ఒకే ముక్క అవుతాయి. నిలబడితే ఆ ముక్క విడిపోతుంది. పరుగెత్తిన తొడలు అదురుతుంటాయి, నడుము ఊగుతుంటుంది, మూడున్నర కిలోల బరువు గాల్లో ఉంటుంది. ఒక తేడా మాత్రం ఉంది. సూది దగ్గర మీరు పదిసార్లు ప్రయత్నించొచ్చు. బయాథ్లాన్ అమ్మాయి అరనిమిషంలో అయిదింటికి అయిదూ ఎక్కించాలి, ఎక్కనిదానికల్లా గుట్ట చుట్టూ ఒక చుట్టు తిరిగి రావాలి.

ఇక గుండె ఖాళీ సంగతి. విశ్రాంతిలో నిమిషానికి 60 సార్లు కొట్టుకునే గుండెకి ఒక్కో చక్రం ఒక సెకను. అందులో సంకోచం మూడో వంతు, మిగతా మూడింట రెండు వంతులు సడలింపు, అంటే 0.6 సెకన్ల పైమాటే. చూపుకి అందినదానికి వేలు స్పందించడానికి సుమారు 0.2 సెకన్లు పడుతుంది. కాబట్టి పిస్టల్ షూటర్‌కి ఆ కిటికీ సరిపోతుంది. బయాథ్లాన్ క్రీడాకారిణి కాల్చే చోటికి వచ్చేసరికి గుండె 170, 180 దగ్గర ఉంటుంది. కాల్పులు మొదలయ్యేసరికి 160కి దిగిందనుకుందాం. చక్రం 0.375 సెకన్లకు కుదించుకుపోయింది. అయితే గుండె వేగం పెరిగినప్పుడు సంకోచం కొద్దిగానే కుదించుకుంటుంది, సడలింపే ఎక్కువ నష్టపోతుంది. మిగిలేది 0.15 సెకన్లు. వేలు కదిలే లోపే కిటికీ మూసుకుపోతుంది. పైగా గుండె దగ్గర పుట్టిన నాడి అల చేతి దాకా రావడానికి 0.1 సెకను దాటుతుంది కాబట్టి ఛాతీలో ఖాళీ, చేతిలో ఖాళీ ఒకే సమయంలో ఉండవు. పట్టీ బిగించిన చోట పైచేతి ధమని కొట్టుకోవడం నేరుగా రైఫిల్‌కి చేరుతుంది. స్థిరత్వం ఇచ్చే పట్టీయే ఈ వణుకుని కూడా మోసుకొస్తుంది. ఇంత చేసినా తూటా వెంటనే చేరదు. సెకనుకి సుమారు 320 మీటర్ల వేగంతో వెళ్లే .22 తూటా 50 మీటర్లు దాటడానికి 0.16 సెకన్లు తీసుకుంటుంది, ఆలోగా పన్నెండు సెంటీమీటర్లు కిందికి జారుతుంది. అది రైఫిల్ మీద గురి చూసుకునే సైట్ల అమరికలో ముందే సర్దుకుని ఉంటుంది. పక్కగాలి సెకనుకి 5 మీటర్ల వేగంతో వీస్తే మూడు సెంటీమీటర్ల దాకా తోసేస్తుంది. చిన్న వలయం నడిమధ్యకి గురిపెట్టినా తూటా బయటే పడుతుంది. అందుకే వాళ్లు కాల్చే ముందు గాలి వాటం చూపే జెండాల వంక చూసి సైట్ మీద టిక్ టిక్‌మని సర్దుతారు.

మరి వాళ్లు చేసేదేమిటి? ఊపిరితో తాళం వేసుకుంటారు. ఒక ఊపిరి, సగం వదిలి ఒక క్షణం ఆపడం, ఒక తూటా, మళ్లీ ఊపిరి. ఆక్సిజన్ కోసం ఒళ్లు గోలపెడుతున్నప్పుడు ఎక్కువసేపు బిగబడితే చూపు మసకబారుతుంది, వణుకు ఇంకా పెరుగుతుంది. రెండోది చూపు. జోన్ వికర్స్ అనే కెనడా పరిశోధకురాలు దీన్ని 'క్వైట్ ఐ' అంది. ట్రిగ్గర్ నొక్కే ముందు కన్ను లక్ష్యం మీద కదలకుండా నిలిచే చివరి చూపు అది. టెన్షన్‌లో కూడా దాన్ని నిలబెట్టుకున్నవాళ్ల గురి తక్కువగా చెదిరింది. టీవీ వ్యాఖ్యాతలు చెప్పే ఉక్కు నరాల కథ కంటే నాకు ఇది నచ్చుతుంది, ఎందుకంటే దీన్ని కొలవొచ్చు.

నోయ్నర్ దగ్గరికి వద్దాం. 1987లో బవేరియాలోని గార్మిష్-పార్టెన్‌కిర్షెన్‌లో పుట్టింది, పక్కనున్న వాల్‌గావ్‌లో పెరిగింది. 2007 జనవరిలో ఓబర్‌హోఫ్‌లో తొలి ప్రపంచ కప్ విజయం. మరుసటి నెల ఇటలీలోని ఆంథోల్జ్‌లో, ఇరవై ఏళ్లు నిండుతున్న రోజుల్లో, ఒకే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మూడు స్వర్ణాలు. ఈసారి ఒలింపిక్స్ బయాథ్లాన్‌కి ఎంచుకున్నది కూడా ఆ ఆంథోల్జ్‌నే. 2008లో ఇంకో మూడు. 2009లో ఒక్కటీ లేదు. 2010, 2011, 2012 కలిపి మరో ఆరు. మొత్తం 12 ప్రపంచ స్వర్ణాలు, మూడు సార్లు ప్రపంచ కప్ ఓవరాల్ టైటిల్ (సీజన్ మొత్తం పాయింట్లలో మొదటి స్థానం). 2012లో, 25 ఏళ్లకే చాలనుకుని ఇంటికెళ్లిపోయింది.

మంచు మీద ఆమె అంత వేగంగా వెళ్లేవాళ్లు ఆ కాలంలో బహు తక్కువ. నిలబడి కాల్చడం మాత్రం ఆమె బలహీనత, ప్రేక్షకులు ఊపిరి బిగబట్టేది అక్కడే. 2010 వాంకూవర్ ఒలింపిక్స్ స్ప్రింట్‌లో స్లొవేకియాకు ఆడిన అనస్తాసియా కుజ్మినా కంటే 1.5 సెకన్లు వెనకబడి రజతం తీసుకుంది. ఆ వేగంలో 1.5 సెకన్లంటే మంచు మీద పది మీటర్లు. తర్వాత జరిగిన పర్స్యూట్‌లో ఆ కొద్ది తేడాతో వెనక నుంచి బయల్దేరి, రెండు తూటాలు తప్పి కూడా, కుజ్మినాని 12.3 సెకన్లతో ఓడించింది. మాస్ స్టార్ట్‌లోనూ రెండు తప్పులు, స్వర్ణం. రిలేలో తన చోటు సహచరి మార్టినా బెక్‌కి వదిలేసింది.

ఇప్పుడు నా లెక్క. స్ప్రింట్‌లో అగ్రశ్రేణి అమ్మాయి మంచు మీద గడిపేది సుమారు 18 నిమిషాలు, అంటే 1080 సెకన్లు. పెనాల్టీ చుట్టు ఖరీదు 22 నుంచి 25 సెకన్లు, 23 అనుకుందాం. నిలబడి కాల్చడంలో ఒకరి గురి నూటికి 90, ఇంకొకరిది 80 అయితే, ఐదు తూటాల్లో సగటున అర తూటా తేడా. అంటే 11.5 సెకన్లు. కాళ్లు ఒక శాతం వేగంగా కదిలితే ఆ బాకీ తీరిపోయింది! మాస్ స్టార్ట్‌లో నిలబడి కాల్చేవి పది, తేడా ఒక తూటా, ఒక చుట్టు. మంచు మీద సమయం 30 నిమిషాలు కాబట్టి 1.3 శాతం వేగం కావాలి. పర్స్యూట్‌లో దూరం తక్కువ, తూటాలు అవే. 1.6 శాతం. 15 కి.మీ. ఇండివిడ్యువల్‌లో తప్పుకి 60 సెకన్లు. దూరం అన్నిటికంటే ఎక్కువైనా 2.8 శాతం అధిక వేగం కావాలి. ఆ స్థాయిలో అది కొండంత తేడా.

ఆమె ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్వర్ణాల్లో రిలేలు తీసేసి చూడండి. స్ప్రింట్ మూడు, మాస్ స్టార్ట్ రెండు, పర్స్యూట్ ఒకటి, 15 కి.మీ. ఇండివిడ్యువల్ సున్నా. నా శాతాల వరుస, ఆమె పతకాల వరుస ఒక్కటే. ఆరు పతకాలతో సిద్ధాంతం కట్టకూడదని క్లాసులో నేనే చెబుతాను, అయినా ఈ పట్టిక చూసిన సాయంత్రం నాకు అన్నం సయించలేదు, అంత సంబరం.

ఇంకో మాట. ఐదో తూటా తప్పినప్పుడల్లా మనవాళ్లు "నాలుగు తగిలాక ఎవరి దిష్టో తగిలింది" అంటారు. నూటికి 80 గురి ఉన్న మనిషి ఐదుకి ఐదూ కొట్టే అవకాశం 0.8ని ఐదుసార్లు గుణిస్తే వస్తుంది, 33 శాతం. నూటికి 90 గురి ఉన్నా 59 శాతమే. ఇరవైకి ఇరవై కొట్టడం 12 శాతం. నిమ్మకాయలు కట్టినా ఈ లెక్క మారదు, గురి 95కి పెరిగితే మారుతుంది: ఐదుకి ఐదు 77 శాతం.

ఇలా గురి మీదే నడిచిన ఛాంపియన్ కూడా అదే గార్మిష్-పార్టెన్‌కిర్షెన్‌లో పుట్టడం విచిత్రం. లౌరా డాల్‌మయర్ 2017 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఐదు స్వర్ణాలు గెలిచింది. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ స్ప్రింట్‌లో పదికి పదీ కొట్టి 24.2 సెకన్ల తేడాతో గెలిచింది, దాదాపు ఒక పెనాల్టీ చుట్టు విలువ. ఆమె కూడా 25 ఏళ్లకే విరమించి కొండలెక్కడానికి వెళ్లిపోయింది. 2025 జులైలో కారకోరంలో రాళ్లు మీద పడి చనిపోయింది. ముప్పై ఒక్క ఏళ్లు.

మంచు లేదని, తుపాకీ లేదని ఊరుకోనక్కర్లేదు. బడి వరండాలో పది మీటర్లు కొలిచి గోడ మీద 9 మి.మీ., 23 మి.మీ. వలయాలు గీయండి. 50 మీటర్ల దగ్గర 45, 115 ఎంత కోణమో, పది మీటర్ల దగ్గర ఇవీ అంతే. తక్కువ శక్తి గల లేజర్ పాయింటర్‌ని మీటరు కర్రకి కట్టండి, ఎవరి కళ్లలోనూ పడకుండా చూసుకోండి. మోచేతులు బల్ల మీద ఆనించి ఒకసారి, మెట్లు ఎక్కిదిగి వచ్చి నిలబడి ఒకసారి, ఎర్ర చుక్క వలయంలో ఎన్ని సెకన్లు ఉందో చూడండి. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి, మోచేతులు ఆనించినప్పటి చుక్క ఊపుల్ని నిమిషానికి ఎన్నో లెక్కపెట్టి, మణికట్టు నాడితో పోల్చండి. చేతికి కర్రని పట్టీతో బిగిస్తే ఆ రెండు అంకెలూ దగ్గరపడొచ్చు.