తనే లారీ ఎక్కే పాలెట్ జాక్: అపోహలు - వాస్తవాలు

మామిడి సీజన్ వస్తే చిత్తూరు చుట్టుపక్కల పల్ప్ ఫ్యాక్టరీల వాళ్లు, గాజులమండ్యం వైపు గోడౌన్లు నడిపేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఈ మెషీన్ గురించే. పాలెట్‌ని, అంటే సరుకు పేర్చే చెక్క పలకని, లారీ ఎత్తుకు లేపి లోపల ఆనించి, ఆ తర్వాత తన కాళ్లను కూడా పైకి లాక్కుని లోపలికి వెళ్లిపోతుంది. వీడియో చూసి అడ్వాన్స్ కట్టేసేవాళ్లు ఉన్నారు. కట్టే ముందు ఇది చదవండి.

అపోహ: ఎత్తేటప్పుడే ప్రమాదం, ఫోర్కులు (పాలెట్ కింద దూర్చే ఇనుప చేతులు) లారీ మీద ఆనాక భయం లేదు.

వాస్తవం: అసలు జాగ్రత్త మొదలయ్యేదే అక్కడ. బటన్ నొక్కగానే మెషీన్ బాడీ నేల వదిలి లేస్తుంది. కొన్ని వందల కిలోల ఇనుము ఆ కాసేపు లారీ అంచున వేలాడుతుంది. అప్పుడు లారీ జానెడు ముందుకు కదిలితే పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. అందుకే హ్యాండ్‌బ్రేక్ వేయాలి, చక్రాలకు ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టాలి, డ్రైవర్ కిందికి దిగి తాళాలు మెషీన్ నడిపే మనిషి చేతికి ఇవ్వాలి. టీ తాగడానికి వెళ్లిన డ్రైవర్ తిరిగొచ్చి బండి కాస్త సర్దుదామని స్టార్ట్ చేయడం మన యార్డుల్లో మామూలే, నాకు ఎక్కువ టెన్షన్ దానితోనే. ఇంకొకటి, బరువు పడగానే కమాన్ పట్టీలు కుంగి లారీ బెడ్ కిందికి దిగుతుంది. ముందు కొలిచిన ఎత్తు అప్పటికి మారిపోతుంది. కాళ్లు పైకి లేచేటప్పుడు మెషీన్ వెనకా పక్కనా ఎవరూ నిలబడకూడదు, సాయం చేద్దామని చెయ్యి అస్సలు పెట్టకూడదు.

అపోహ: వెయ్యి కిలోల మెషీన్ ఎలాంటి వెయ్యి కిలోలైనా ఎత్తుతుంది.

ప్లేటు మీద రాసిన బరువు పక్కనే లోడ్ సెంటర్ అని ఇంకో అంకె ఉంటుంది, అంటే ఫోర్కుల మొదలు నుంచి సరుకు బరువు కేంద్రం దాకా ఉండే దూరం, చాలా మోడళ్లలో అది 600 మిల్లీమీటర్లు. పాలెట్ ఫోర్కుల మొదలు దాకా రాకపోయినా, బరువంతా ముందు వైపే ఉన్నా ఎత్తగల సామర్థ్యం తగ్గుతుంది. మన సరుకుతోనే లెక్క వేద్దాం. ఎసెప్టిక్ (క్రిములు చేరకుండా ప్యాక్ చేసే) డ్రమ్ములో పల్ప్, అంటే మామిడి గుజ్జు, సుమారు 215 కిలోలు. డ్రమ్ము బరువు, చెక్క పాలెట్ బరువు కలిపితే నాలుగు డ్రమ్ముల పాలెట్ 900 కిలోలు దాటుతుంది. 500 కిలోల మోడల్ మీద రెండు డ్రమ్ములకే ఆగాలి. వెయ్యి కిలోల మోడల్‌లోనూ ఆ పాలెట్‌కి మిగిలే వెసులుబాటు తక్కువే.

అపోహ: ఏ లారీకైనా, ఏ యార్డులోనైనా పనిచేస్తుంది.

కంకర నేల, వాలు, వాన పడిన మట్టి దీనికి పనికిరావు. చిన్న చక్రాలు దిగబడతాయి. కింద కూడా అడ్డపలకలు కొట్టిన పాలెట్లలో మెషీన్ కాళ్లు దూరవు. లారీ బెడ్ చెక్కలు పుచ్చి ఉంటే సరుకు, మెషీన్, మనిషి బరువు కలిసి ఆ చిన్న చక్రాల కిందే పడుతుందని మర్చిపోకండి.

అపోహ: ఇది ఉంటే హమాలీలు, డాక్ (లారీ ఎత్తుకు కట్టిన లోడింగ్ గట్టు) రెండూ అక్కర్లేదు.

నడపడానికి ఒకరు చాలు. కానీ దూరంగా నిలబడి చూసి ఆపమని చెప్పే మనిషి ఇంకొకరు తప్పనిసరి. లోపల సరుకు సర్దడం, తాళ్లు బిగించడం హమాలీలకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు, వాళ్లను తీసేయడానికి ఈ మెషీన్ కొనొద్దని గట్టిగా చెబుతాను. వాళ్ల నడుములు కాపాడటానికి కొనండి. రోజూ కంటెయినర్లు నింపే ఫ్యాక్టరీకి డాకే మేలు, ఎందుకంటే ఇది ప్రతి పాలెట్‌కీ ఎక్కి దిగాలి. డాక్ లేని దుకాణాల దగ్గర, తిరుపతి బజార్లలో సరుకు దించే డెలివరీ బండికి మాత్రం ఇది నిజంగా పనికొచ్చే వస్తువు. అయితే బండితో పాటే వెళ్తుంది కాబట్టి దాని బరువు మేరకు సరుకు తగ్గించుకోవాలి.

డెమో అడిగేటప్పుడు షోరూమ్ నేల మీద చూడొద్దు. మీ లారీ, మీ పాలెట్, నిండు లోడుతో మీ యార్డులోనే ఎక్కించి దించి చూపించమనండి.