తోడేలు మనిషి ఎదుట నిలిచేదెవరు?

1941 డిసెంబరులో విడుదలైన ‘ది వుల్ఫ్ మ్యాన్’ (తోడేలు మనిషి) సినిమా చివర్లో, పొగమంచు కమ్మిన అడవిలో ఒక తండ్రి వెండి పిడి ఉన్న చేతికర్రతో ఒక మృగాన్ని కొట్టి చంపుతాడు. దాని కదలిక ఆగాక ముఖం మీది బొచ్చు మెల్లగా మాయమవుతుంది. నేల మీద పడి ఉన్నది ఆయన కొడుకు. ఈ కోవ సినిమాలన్నిటినీ నేను ఆ ఒక్క దృశ్యంతోనే తూచి చూస్తాను. భయపెట్టడం చాలా సినిమాలకు చేతనవును. చచ్చినదాని కోసం కన్నీళ్లు పెట్టించడం కొన్నిటికే సాధ్యమైంది.

2025 జనవరిలో యూనివర్సల్ సంస్థ, లీ వానెల్ దర్శకత్వంలో, దాదాపు అదే పేరుతో కొత్త సినిమా తెచ్చింది. గొప్ప తోడేలు మనిషి సినిమాను గొప్పగా నిలిపేది ఏమిటన్న పాత ప్రశ్న దానితో మళ్లీ ముందుకొచ్చింది. జవాబు వెతకాలంటే 1941 నాటి రచయిత దగ్గరికి వెళ్లాలి.

ఆయన కర్ట్ సియోడ్‌మాక్. జర్మనీలోని డ్రెస్డెన్‌లో పుట్టిన యూదుడు. నాజీలు అధికారంలోకి వచ్చాక దేశం విడిచి, ఇంగ్లండ్ మీదుగా హాలీవుడ్ చేరాడు. ఆయన కథలో తోడేలు మనిషికి తాను చంపబోయే వ్యక్తి అరచేతిలో ఐదు కొసల నక్షత్రం కనిపిస్తుంది. ఆ సెప్టెంబరులోనే జర్మనీలో యూదులు పసుపు నక్షత్రం ధరించి తీరాలని నాజీలు ఆదేశించారు. ఈ రెండు నక్షత్రాలనూ విడదీసి చూడటం నాకు సాధ్యం కాదు. నిన్నటిదాకా పలకరించిన పొరుగువాడు రాత్రికి రాత్రి మృగంగా మారడమంటే ఏమిటో ఎవరూ సియోడ్‌మాక్‌కు నేర్పనక్కరలేదు.

మనసు నిర్మలమైనవాడు కూడా తోడేలు కావచ్చని సినిమాలో వినిపించే పద్యాన్ని చాలామంది తరతరాల జానపద విశ్వాసమని నమ్ముతారు, అదీ ఆయన స్వయంగా అల్లినదే. మొదటి సినిమాలో ఆ పద్యం శరత్కాలపు వెన్నెల గురించే చెబుతుంది. అందులోకి పున్నమి చేరింది 1943 నాటి కొనసాగింపులో. నిజానికి పున్నమి, కాటుతో అంటుకునే శాపం 1935 నాటి ‘వేర్‌వుల్ఫ్ ఆఫ్ లండన్’లోనే ఉన్నాయి. వెండితోనే చావు అన్న నియమాన్ని 1941 సినిమా స్థిరపరిచింది.

పాత ఐరోపా కథల దారి వేరు. గ్రీకు పురాణంలో లైకాన్ రాజు దేవుడికి నరమాంసం వడ్డించి తోడేలయ్యాడు, అంటే అది శిక్ష. 1589లో జర్మనీలోని బెడ్‌బర్గ్‌లో పీటర్ స్టుంప్ అనే రైతును చిత్రహింసలు పెట్టి చంపారు. సైతాను ఇచ్చిన నడికట్టు కట్టుకుని తోడేలుగా మారేవాణ్ణని అతని చేత ఒప్పించారు. ఆ కథల్లో తోడేలయ్యేవాడు పాపి. సినిమా ఆ పాపాన్ని తుడిచేసింది. 1941 సినిమా కథానాయకుడు లారీ టాల్బట్ చేసిన తప్పల్లా ఒక అమ్మాయిని కాపాడబోయి కాటు తినడమే. తన కొడుకునూ ఇదే శాపానికి పోగొట్టుకున్న, రోమా అనే సంచార జాతి ముసలమ్మ అతని శవం పక్కన మోకరిల్లి ప్రార్థిస్తుంది. ఈ కథలోకి జాలి వచ్చింది అక్కడే.

1961లో హ్యామర్ సంస్థ తీసిన సినిమాలో పెంపుడు తండ్రే వెండి తూటా పేలుస్తాడు. ఆ తర్వాతి పెద్ద మలుపు 1981.

‘యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్’ కథను జాన్ లాండిస్ 1969లోనే రాశాడు. సినిమా కావడానికి పన్నెండేళ్లు పట్టింది. 1941లో వేషకర్త జాక్ పియర్స్ యాక్ జంతువు వెంట్రుకలతో నటుడికి గంటల తరబడి వేషం వేసినా, మనిషి తోడేలుగా మారే ఘట్టంలో చూపించింది పాదాలనే. లాండిస్ చీకటిని కూడా ఆసరా తీసుకోలేదు. ఇంటి ముందుగదిలో, నిండు దీపపు వెలుగులో అంతా జరగాలన్నాడు. వేషకర్త రిక్ బేకర్ కృత్రిమ చేతులు, తలలు చేసి లోపలినుంచి సాగదీశాడు. చర్మంలోకి వెంట్రుకల్ని లాగుతూ తీసిన చిత్రాన్ని వెనక్కు తిప్పితే అవి మొలుస్తున్నట్టు కనిపించాయి. ఎముకలు సాగుతుంటే కుర్రాడు ఒళ్లు కాలిపోతోందని అరుస్తాడు. ఆ అరుపు వల్లే ఆ ఘట్టం గారడీగా మిగిలిపోలేదు. మేకప్‌కు ఏటా ఇచ్చే ఆస్కార్ మొదలైంది ఆ సంవత్సరపు సినిమాలతోనే, తొలి విజేత బేకరే. చివర్లో సందులో చిక్కుకున్న మృగానికి, పోలీసు తుపాకులు పేలేలోపు, అతన్ని ప్రేమించిన నర్సు ఎదురెళ్లి నిలబడుతుంది.

ఆ సినిమా చూసే మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ పాటను లాండిస్, బేకర్‌ల చేతుల్లో పెట్టాడు. దాని నీడ 1985లో మన ‘దొంగ’ సినిమాలో చిరంజీవి ఆడిన గోలీమార్ పాటదాకా వచ్చింది. 2022లో హిందీ ‘భేడియా’ను ‘తోడేలు’గా అనువదించినప్పుడు తోడేలు మనిషి తెలుగు కూడా మాట్లాడింది.

కంప్యూటర్ వచ్చాక మారడం తేలికైంది. లాండిస్ సినిమాకు 1997లో పారిస్ నేపథ్యంగా వచ్చిన కొనసాగింపులో తోడేళ్లు దూకుతాయి, గోడలెక్కుతాయి. ఎముక సాగే నొప్పి మాత్రం తెరమీద కనిపించదు. నొప్పి కనిపించనిచోట జాలి పుట్టదు.

2000లో కెనడాలో తీసిన ‘జింజర్ స్నాప్స్’ చిన్న సినిమా. ఈడేరే రోజునే అక్క కాటు తింటుంది. చెల్లెలు చివరిదాకా మందు కోసం ప్రయత్నిస్తుంది. ఆఖరికి ఒక చేతిలో మందు సూది, మరో చేతిలో కత్తి పట్టుకుని నిలబడితే, అక్క కత్తి వైపే దూకుతుంది. ఇద్దరూ కలిసి పెరిగిన గదిలో, ఇంకా ఊపిరి ఆగని ఆ మృగం మీద చెల్లెలు తల ఆనించి పడుకుంటుంది. ఇక్కడ శవం మనిషి రూపానికి తిరిగి రాదు. చెల్లెలికి ఆ అవసరం లేదు.