గేటు లోపల ఎవరు ఎవరు: అనంతపురం ఫ్యాక్టరీల్లో గుర్తింపు, చట్టం, మిగిలిపోయిన ఖాళీ

పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం కుదిరింది, 2019లో ఉత్పత్తి మొదలైంది. అంతకుముందు ఉమ్మడి అనంతపురం జిల్లాలో నెల జీతమంటే బడి, పోలీసు, ఆర్టీసీ, బ్యాంకు. ప్రైవేటంటే తాడిపత్రి సిమెంటు, బండల పాలిష్, హిందూపురం గార్మెంట్స్. ఇప్పుడు ఒకే షెడ్డులో కొరియా మేనేజరు, తమిళనాడు సూపర్‌వైజరు, బిహార్ కుర్రాడు, మడకశిర అమ్మాయి కలిసి పనిచేస్తున్నారు. వీళ్లలో ఎవరికి ఏ రక్షణ ఉందో తెలియాలంటే చట్టాలు వచ్చిన వరస తెలియాలి. అన్నీ ఒకేసారి రాలేదు. ఒక్కో గుర్తింపుకి ఒక్కో పోరాటం, ఒక్కో కోర్టు తీర్పు, ఒక్కో చట్టం. అందుకే ఒకరికి పక్కా రక్షణ ఉంటే పక్కనున్నవారికి ఏమీ లేదు.

సీమలో ఉద్యోగం దగ్గర మొదట తలెత్తిన ప్రశ్న స్థానికత. కోస్తా, సీమ నాయకుల మధ్య 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక వెనక ఉన్నది కోస్తా పక్కన మనం వెనకబడిపోతామన్న భయమే. స్థానికుల వాటా కోసం 1973 ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలో 371-డి అధికరణం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కడప, కర్నూలు, అనంతపురం, చిత్తూరు నాలుగో జోన్ అయ్యాయి. ఉద్యోగాల వరకు అవన్నీ ప్రభుత్వ కొలువులకే. ప్రైవేటు ఫ్యాక్టరీల్లో 75 శాతం స్థానికులకు ఇవ్వాలని రాష్ట్రం 2019లో చట్టం చేసింది. అదే 75 శాతంతో హర్యానా చేసిన చట్టాన్ని 2023 నవంబరులో పంజాబ్-హర్యానా హైకోర్టు కొట్టేసింది. కాబట్టి 75 శాతం మాటను నమ్ముకుని కూర్చోవడం మంచిది కాదు.

ఆడవాళ్ల విషయంలో చట్టం చాలా దూరం వచ్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ ప్రకారం వాళ్లకు పని ఉదయం 6 నుంచి రాత్రి 7 దాకానే ఉండేది. భద్రత పేరు చెప్పి రాత్రి షిఫ్టు భత్యాన్ని, దానితో వచ్చే పదోన్నతిని దూరం చేసిన నియమం ఇది. 2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు ఆమె ఒప్పుకుంటే రాత్రి పనికి అనుమతించాయి. ఇక్కడే తప్పు జరుగుతుంది. చేరిన రోజు ఇచ్చే కాగితాల కట్టలోనే ఆ సమ్మతి పత్రాన్నీ కలిపి సంతకం పెట్టిస్తారు. అలాంటి సంతకాన్ని ఒప్పుకోవడం అనలేం. సమ్మతి విడిగా, తెలుగులో ఉండాలి. వెనక్కి తీసుకునే వీలుండాలి. బస్సు ఆమెను హైవే మీద దించిపోకుండా ఊళ్లోకి రావాలి.

లైంగిక వేధింపుల చట్టం వెనక 1992లో రాజస్థాన్‌లో పని చేస్తూ అత్యాచారానికి గురైన భన్వరీ దేవి పోరాటం ఉంది. 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం రావడానికి మరో 16 ఏళ్లు పట్టింది. 2013 డిసెంబరు 9 నుంచి అది అమల్లో ఉంది. 10 మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు పై హోదాలో ఉన్న మహిళ కావాలి, సభ్యుల్లో సగానికి తగ్గకుండా మహిళలుండాలి, ఒకరు బయటివారై ఉండాలి. ఫిర్యాదు 3 నెలల్లోపు రాతపూర్వకంగా, 6 కాపీలతో ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలలు పొడిగించవచ్చు. 7 పనిదినాల్లో ఎదుటివ్యక్తికి కాపీ, 10 పనిదినాల్లో అతని జవాబు, 90 రోజుల్లో విచారణ పూర్తి. రాజీ ఆమె అడిగితేనే, అదీ డబ్బు మీద కుదరకూడదు. కమిటీ వేయని యజమానికి 50,000 రూపాయల దాకా జరిమానా.

కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారు, అప్రెంటిస్‌లు కూడా ఈ చట్టం కిందకి వస్తారు. అయినా గార్మెంట్స్ యూనిట్లలో ‘నువ్వు మా రోల్స్‌లో లేవు’ అని తిప్పి పంపడం మామూలు. అది చెల్లదు. ఇంకో చిక్కు జిల్లాల విభజనతో వచ్చింది. 10 మందికి తక్కువున్నచోట, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయినప్పుడు, వెళ్లాల్సింది జిల్లాలోని స్థానిక కమిటీకి. 2022 ఏప్రిల్ 4 నుంచి హిందూపురం, పెనుకొండ, మడకశిర శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్నాయి. వాళ్ల కమిటీ పుట్టపర్తి వైపుదే తప్ప అనంతపురానిది కాదు. నోటీసు బోర్డు మీద పాత చిరునామా ఉంటే 3 నెలల గడువులో కొన్ని వారాలు తిరగడానికే పోతాయి.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి 2017 ఏప్రిల్ నుంచి అమలైంది. అది 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 4 శాతం రిజర్వేషన్ ప్రభుత్వ ఉద్యోగాలకే. కానీ ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం రాసి ప్రకటించాలి. 20 మంది, అంతకంటే ఎక్కువ ఉన్నచోట వికలాంగులకు తగిన పోస్టుల జాబితా, ఎంపిక పద్ధతి, ఇచ్చే వసతులు, ఇవన్నీ చూసే లైజన్ ఆఫీసరు వివరాలు కూడా అందులో ఉండాలి. చాలాచోట్ల ఆ కాగితం ఎక్కడినుంచో దించుకున్నదే. గేటు దగ్గర ర్యాంపు కనిపిస్తుంది. 1:12 వాలు ప్రకారం అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు కావాలి. స్థలం లేదని 5 అడుగుల్లో ముగిస్తే చక్రాల కుర్చీ వెనక్కి జారుతుంది. ర్యాంపు బాగున్నా, మరుగుదొడ్డి తలుపు 900 మిల్లీమీటర్ల వెడల్పు లేకుండా, పైగా లోపలికి తెరుచుకుంటే కుర్చీలో ఉన్న మనిషి తలుపు వేసుకోలేరు. అందుకే రోజంతా నీళ్లు తాగకుండా పనిచేసేవారు ఉంటారు. 1969 నుంచి అనంతపురంలో పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వినికిడి లేని పిల్లలకు బడులు నడుపుతోంది. చదువుకున్న ఆ పిల్లలు ఇంటర్వ్యూకి వెళ్తే సైగల భాష తెలిసిన మనిషిని ముందే పిలిపించాల్సింది కంపెనీయే.

ట్రాన్స్‌జెండర్లకు 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పు దారి తీసింది. 2019 చట్టం 9వ సెక్షన్ ఉద్యోగంలో వివక్షను నిషేధించింది, 11వ సెక్షన్ ప్రతి సంస్థలో ఫిర్యాదుల అధికారిని పెట్టమంది. పని ఆగేది మాత్రం కాగితాల దగ్గర. పదో తరగతి మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఒకటి, పీఎఫ్ ఖాతా రెండింటినీ ఒప్పుకోదు. కలెక్టరు ఇచ్చే గుర్తింపు పత్రాన్ని ఆధారంగా చూపించి ఆధార్, తర్వాత బ్యాంకు, చివర పీఎఫ్ వరసలో మార్పించాలి. ఇవి తేలేలోపు చేరే తేదీ దాటిపోతే ఉద్యోగం పోతుంది కాబట్టి ఆ తేదీని ముందే సడలించాలి. రాయదుర్గం వైపు, ఆడపిల్లల్ని దేవుడికి అంకితమిచ్చే బసివిని ఆచారంలో పుట్టినవారికి ‘తండ్రి పేరు’ గడి దగ్గర ఇలాంటి కష్టమే. 1988లో రాష్ట్రం ఆ ఆచారాన్ని నిషేధించింది, దరఖాస్తులో గడి మాత్రం ఉండిపోయింది. ‘తల్లి లేక తండ్రి పేరు’ అని మారిస్తే కంపెనీకి ఒక్క రూపాయి ఖర్చుండదు.

ఇక కులం. ఇక్కడ అందరికంటే ముందు అడిగేది అదే. ‘మీది యా ఊరు?’ అన్న తర్వాత ‘ఊర్లోనా, కాలనీలోనా?’ అంటారు, అంతటితో తెలిసిపోతుంది. హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతిని నేరం చేసిన 1955 పౌర హక్కుల రక్షణ చట్టమే అంటరానితనం చూపి ఏ ఉద్యోగానికైనా అడ్డుపడటాన్ని కూడా నేరమంటుంది. 1989 అట్రాసిటీల చట్టం ఇంకా గట్టిది. కేసును డీఎస్పీ స్థాయి అధికారి విచారించాలి. అయితే కులం పేరుతో తిట్టడం పదిమంది చూసే చోట జరిగి ఉండాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అన్న మాట దీని కిందకి రాదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. మేనేజరు గది తలుపు మూసి అన్న మాట అలా జారిపోతుంది.

పైగా ఆ చట్టం ఎస్సీ, ఎస్టీలకే. బళ్లారిలో వాల్మీకి నాయక కులంవారు ఎస్టీ, సరిహద్దుకి ఇవతల అదే కులమైన మన బోయలు బీసీ-ఏ. ఒకే మాట, ఒకే అవమానం. అక్కడ కేసు, ఇక్కడ కాదు. కొత్త వేతనాల కోడ్ కూడా వివక్షను లింగం వరకే నిషేధించింది, కులం ఊసెత్తలేదు. వేధింపులకు కమిటీ ఉంది, వైకల్యానికి లైజన్ ఆఫీసరు, ట్రాన్స్‌జెండర్లకు ఫిర్యాదుల అధికారి ఉన్నారు. కులం గురించి ప్రైవేటు ఉద్యోగి లోపల ఫిర్యాదు చేసుకోవడానికి చట్టం ప్రత్యేకంగా ఎవరినీ చూపించలేదు. నేరుగా పోలీస్ స్టేషనే. అక్కడికి వెళ్తే ఉద్యోగం నిలవదని అందరికీ తెలుసు, అందుకే మింగేస్తారు.

ఈ ఖాళీని కంపెనీ తనంతట తాను పూడ్చుకోవచ్చు. క్రమశిక్షణ నియమావళిలో కులం పేరుతో దూషించడం, క్యాంటీన్‌లో, హాస్టల్ గదుల్లో వేరు చేయడం దుష్ప్రవర్తన అని రాసుకోవాలి. దరఖాస్తులో, ఇంటర్వ్యూలో కులం అడగకూడదని పెట్టాలి. విచారణకు వేరే విభాగం నుంచి ఇద్దరిని, బయటినుంచి ఒకరిని నియమించాలి. ఇదే క్లాజు లేబర్ కాంట్రాక్టరు ఒప్పందంలోనూ ఉండాలి. ఎందుకంటే మనుషుల్ని ఊరూరా తిరిగి తెచ్చేది అతనే, ఎవరిని ఏ గదిలో పెట్టాలో మొదట నిర్ణయించేదీ అతనే.