షోరూంలోనే ఇన్సూరెన్స్ తీసుకోవాలా? బండి కొనేవాళ్ళ అపోహలు - వాస్తవాలు

బెజవాడలో టూవీలర్ పాలసీలు చేసేవాడిని నేను. శ్రావణం, దసరా వచ్చాయంటే చాలు, షోరూం వాళ్ళిచ్చిన కొటేషన్ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టి అందరూ అడిగేది ఒకటే, "ఇన్సూరెన్స్ బయట తీసుకుంటే కంపెనీ వారంటీ పోద్దంట కదండీ?" అని. పోదండీ బాబూ. ఎన్నిసార్లు చెప్పాలో!

అపోహ: షోరూం ఇన్సూరెన్స్ తీసుకోకపోతే వారంటీ పోద్ది, రిజిస్ట్రేషన్ అవ్వదు, క్లెయిమ్ రాదు

వాస్తవం: వారంటీ ఇచ్చేది బండి తయారు చేసిన కంపెనీ, పాలసీ ఇచ్చేది ఇన్సూరెన్స్ కంపెనీ, ఒకదానితో ఒకదానికి సంబంధమే లేదు. చీర కొన్న షాపులోనే జాకెట్ కుట్టించుకోవాలని రూలేమన్నా ఉందా? రిజిస్ట్రేషన్‌కి చెల్లే పాలసీ ఉంటే చాలు, ఎవరి దగ్గర కొన్నారన్నది రవాణా శాఖ వాళ్ళకి అనవసరం. 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త టూవీలర్‌కి థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి) ఐదేళ్ళకి ఒకేసారి కట్టాలి, అది మాత్రం తప్పదు. కానీ ఆ రేటు ప్రభుత్వం ఫిక్స్ చేసేది, 2022 జూన్ 1న వచ్చిన రేట్ల ప్రకారం 75 దాటి 150 సీసీ లోపు బండికి ఐదేళ్ళకి 3,851 రూపాయలు, పైన జీఎస్టీ, ఏ కంపెనీకి వెళ్ళినా అంతే. తేడా వచ్చేదల్లా ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టానికి) దగ్గర, యాడాన్ల (పైన అదనంగా తీసుకునే కవర్ల) దగ్గర. ఓన్ డ్యామేజ్ ఏడాదికి తీసుకుంటే సరిపోద్ది, కొన్నిచోట్ల అడక్కుండానే ఐదేళ్ళది వేసేస్తారు. కొటేషన్‌లో "ఇన్సూరెన్స్" అని ఒకటే అంకె ఉంటది చూడండి, దాన్ని విడగొట్టి రాసిమ్మనండి, సగం విషయం అక్కడే బయటపడద్ది.

క్లెయిమ్‌లో క్యాష్‌లెస్ (రిపేర్ బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీయే నేరుగా కట్టేది) అంటారా, మీ ఇన్సూరెన్స్ కంపెనీకి ఆ సర్వీస్ సెంటర్‌తో టైఅప్ ఉందా లేదా అన్నదే లెక్క. ముందే కనుక్కుని ఆ కంపెనీ పాలసీనే బయట తీసుకోవచ్చు. టైఅప్ లేకపోయినా బిల్లు మనం కట్టేసి తర్వాత క్లెయిమ్ చేసుకోవచ్చు, కాకపోతే అప్పటికి డబ్బులు సర్దుకోవాలి. నేనూ పాలసీలు అమ్ముకునేవాడినే కాబట్టి నా మాటా గుడ్డిగా నమ్మొద్దు, ఇంకో రెండు చోట్ల అడగండి.

మా కృష్ణలంకలో ఒక పిన్నిగారు, అబ్బాయి డిగ్రీలో చేరాడని ఆవిడ పేరు మీద బండి బుక్ చేశారు, అమ్మ పేరైతే కలిసొస్తుందని. కొటేషన్ చూస్తే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్, అదీ ఐదేళ్ళకి. ఆ కవర్ ఓనర్ కమ్ డ్రైవర్‌కి, అంటే ఓనర్‌కి లైసెన్స్ ఉండాలి. ఆవిడకి లైసెన్స్ లేదు సరికదా, జన్మలో హ్యాండిల్ పట్టుకోలేదు! వెళ్ళి అడిగితే "సిస్టంలో అలాగే వస్తుంది సార్" అన్నారు. గట్టిగా అడిగేసరికి అదే సిస్టం తీసేసింది. అలాగే మీ పేరు మీద వేరే బండికో, విడిగానో ఆల్రెడీ 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటే మళ్ళీ కట్టక్కర్లేదు, ఉందని డిక్లరేషన్ ఇస్తే చాలు.

అపోహ: యాడాన్లన్నీ దండగ

వాస్తవం: ఇదీ తప్పే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు వచ్చిన ఫోన్లు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తది. థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్నోళ్ళకి రూపాయి రాదు. ఓన్ డ్యామేజ్ ఉన్నా, నీళ్ళు దిగాక ఆత్రంగా సెల్ఫ్ కొట్టి ఇంజిన్ పోగొట్టుకుంటే ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడాన్ లేనిదే ఆ ఖర్చు ఇవ్వమంటారు. లోతట్టులో ఉండేవాళ్ళు అది తీసుకోండి, మునిగిన బండి స్టార్ట్ చెయ్యకుండా తోసుకెళ్ళండి. ప్లాస్టిక్ ఎక్కువున్న స్కూటర్‌కి జీరో డెప్ (మార్చిన పార్టులకి అరుగుదల కింద కోత పెట్టకుండా ఇచ్చేది) కూడా మంచిదే.

మిగతావి గబగబా చెప్పేస్తా.

హ్యాండ్లింగ్ ఛార్జీలు: ఎక్స్ షోరూం ధరంటేనే బండి షోరూంకి వచ్చి నిలబడేదాకా అయ్యే ఖర్చు. మళ్ళీ ఇదెందుకు? ఏ చట్టం కింద తీసుకుంటున్నారో రాసిమ్మనండి, రాయరు.

హెల్మెట్, చీర గార్డు, వెనక కూర్చునేవాళ్ళ హ్యాండిల్: ఇవి యాక్సెసరీస్ కాదు. మోటారు వాహన రూల్స్‌లో 138 ప్రకారం ఐఎస్‌ఐ హెల్మెట్ బండితోపాటే కంపెనీ ఇవ్వాలి, 123 ప్రకారం మిగతా రెండూ బండికి ఉండాల్సిందే. హెల్మెట్ "ఫ్రీ" అని మనకేదో ఉపకారం చేసినట్టు చెప్తారు, అదొకటి.

"యాక్సెసరీస్ కిట్ తీసుకోకపోతే డెలివరీ రెండు నెలలు": ఒకటి కొంటేనే ఇంకోటి ఇస్తామనడం 2019 వినియోగదారుల చట్టంలో రెస్ట్రిక్టివ్ ట్రేడ్ ప్రాక్టీస్ కిందకొస్తుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వొచ్చు. 2025 సెప్టెంబర్ 22న 350 సీసీ లోపు బళ్ళకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగితే, తగ్గిందాంట్లో కొంత ఈ కిట్ పేరుతోనే లాగేసిన కొటేషన్లు నేను చూశాను.

టెఫ్లాన్ కోటింగ్ (పెయింట్ మీద వేసే పూత): కొత్త బండికి మొదటి రోజే అక్కర్లేదు.

ఇవన్నీ అడిగితే సేల్స్ కుర్రాడి మొహం మాడిపోద్ది. వాడి మీద అరవకండి, నెలాఖరుకి టార్గెట్ పెట్టింది వాడు కాదు, మేనేజర్‌ని పిలవమనండి. అడ్వాన్స్ మాత్రం కొటేషన్ విడగొట్టి చేతికిచ్చాకే కట్టండి, ముందే కట్టేసి నాకు ఫోటో పెడితే నేను చెయ్యగలిగింది తక్కువ.