తోక బెల్టు ఎంత బిగించాలి?

థ్రాటిల్ జోరుగా పెంచిన ప్రతిసారీ హెలికాప్టర్ తోక పక్కకి తన్నేది. నాది 450 సైజు రిమోట్ హెలికాప్టర్. రెండడుగుల పైచిలుకు పొడవు, ముప్పావు కిలో బరువు, బ్యాటరీతో ఎగురుతుంది. ఒకేచోట గాల్లో నిలబెడితే బుద్ధిగానే ఉండేది. ఒక్కసారిగా పైకి లేపితే మాత్రం తోక చటుక్కున పక్కకి కొట్టి, మళ్లీ సర్దుకునేది. తప్పు గైరోదే, అంటే తోక పక్కకి తిరగకుండా సర్దే ఎలక్ట్రానిక్ పరికరానిదే, అనుకున్నాను. దాని గెయిన్ (ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే సెట్టింగు) తగ్గించి చూశాను, పెంచి చూశాను, గైరో కింద అతికించిన స్పాంజి టేపు కూడా మార్చాను. అలా రెండు వారాలు గడిచాయి.

చివరికి ఒక సాయంత్రం బ్యాటరీ తీసి పక్కన పెట్టి, ఒక చేత్తో తోక రెక్కలు కదలకుండా పట్టుకున్నాను. రెండో చేత్తో పైనున్న పెద్ద రెక్కల్ని, అవి తిరిగే దిశలోనే మెల్లగా నెట్టాను. తోక గొట్టం లోపల టిక్కుమని చప్పుడు. ఇంకొంచెం నెడితే ఇంకోసారి టిక్కు. తోక రెక్కల్ని తిప్పే బెల్టు పళ్లు పుల్లీ పళ్ల మీంచి దాటిపోతున్నాయి. గైరో పాపం తన పని తను చేస్తూనే ఉంది, దాని ఆజ్ఞ అమలు చేయాల్సిన తోక రోటర్‌కే శక్తి పూర్తిగా అందడం లేదు.

తోక మీద ఎంత భారం పడుతుందో లెక్కేస్తే ఈ బెల్టు విలువ తెలుస్తుంది. మోటారు పెద్ద రెక్కల్ని ఒకవైపు తిప్పుతుంటే హెలికాప్టర్ ఒళ్లంతా రెండో వైపు తిరగబోతుంది. దాన్ని ఆపడానికే తోక చివర చిన్న రోటర్. గాల్లో నిలబడి ఉండగా పెద్ద రోటర్‌కి 150 వాట్లు అందుతున్నాయని, అది నిమిషానికి 2,500 చుట్లు తిరుగుతోందని అనుకుందాం. ఎదురు తిరిగే టార్క్ సుమారు 0.57 న్యూటన్ మీటర్లు వస్తుంది. టెయిల్ రోటర్ 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, అది ఆగకుండా దాదాపు 150 గ్రాముల బలంతో పక్కకి నెడుతూ ఉండాలి. ఇది నిలకడగా ఉన్నప్పటి మాట. గిర్రున తిప్పి ఠక్కున ఆపినప్పుడు ఆ బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పెద్ద రోటర్ ఒక చుట్టు తిరిగేలోగా టెయిల్ రోటర్ నాలుగు చుట్లకి పైగా తిరుగుతుంది కాబట్టి దాని వేగం నిమిషానికి పదివేల చుట్లు దాటిపోతుంది. ఆ శక్తంతా వెళ్లేది సన్నటి రబ్బరు బెల్టు మీదుగానే.

ఆ బెల్టు దారి కూడా విచిత్రంగా ఉంటుంది. ముందు పుల్లీ ఇరుసు నిలువుగా ఉంటుంది, వెనక పుల్లీ ఇరుసు అడ్డంగా ఉంటుంది. అందుకని బెల్టు గొట్టం లోపల పావు మెలిక తిరిగి వెళ్తుంది. విప్పి మళ్లీ ఎక్కించేటప్పుడు మెలిక రెండో వైపుకి పడితే టెయిల్ రోటర్ ఉల్టా తిరుగుతుంది. అందుకే బెల్టు ఎక్కించాక చేత్తో తిప్పి దిశ చూసుకోవడం నేను ఎప్పుడూ మానను.

బిగింపు దగ్గర చాలామంది పొరపాటు పడే చోటు ఒకటుంది. బెల్టు అనగానే మనకి పిండిమర గుర్తొస్తుంది. అక్కడ బల్లపరుపు బెల్టు పుల్లీని రాపిడితోనే పట్టుకుంటుంది. వదులైతే జారుతుంది కాబట్టి బిగించి కడతారు. అసలు హెలికాప్టర్లలోనూ ఇలాంటిది ఉంది. రాబిన్సన్ ఆర్ 22లో ఇంజిన్ శక్తి వి ఆకారపు బెల్టుల మీదుగా రోటర్లకి అందుతుంది. అవీ రాపిడితో పట్టేవే. వాటి బిగువు తగ్గితే ఒక చిన్న విద్యుత్ మోటారు తనంతట తానే పై పుల్లీని జరిపి మళ్లీ బిగిస్తుంది, ఆ పని జరుగుతున్నంతసేపూ పైలట్ ముందు ఒక దీపం వెలుగుతుంది. ఆ దీపం కొన్ని సెకన్లలో ఆరకపోతే పైలట్ హెలికాప్టర్‌ని దింపేయాలి. బిగింపుకి అక్కడ అంత విలువ.

మన మోడల్లోది పళ్ల బెల్టు. దీని పుట్టుక కుట్టు మిషన్ దగ్గర మొదలైంది. 1940ల్లో అమెరికాలో సింగర్ మిషన్ల కోసం, పైనున్న సూది, కిందున్న బాబిన్ ఒకదానికొకటి తప్పిపోకుండా నడవాలని ఈ పళ్ల బెల్టు తయారుచేశారు. కార్లలో టైమింగ్ బెల్టుగా మనం వినేది దీన్నే. ఇది రాపిడితో పట్టుకోదు, పన్నుకి పన్ను తగిలి లాగుతుంది. కాబట్టి దీనికి బిగింపు కావాల్సింది పట్టు కోసం కాదు. బరువు పడినప్పుడు బెల్టులో ఒక వరస బిగిసి రెండో వరస సడలుతుంది. ఆ సడలిన వరస పుల్లీ మీంచి పైకి లేచి ఒక పన్ను దాటిపోకుండా ఉంటే చాలు. అంతకు మించి ఇచ్చే బిగువంతా వృథానే. నిజానికి వృథాతో ఆగదు, నష్టం చేస్తుంది.

తోక చివర బేరింగులు చాలా చిన్నవి. బెల్టుని తీగలా లాగి కడితే ఆ బలం రాత్రింబగళ్లు వాటి మీదే ఉంటుంది. అవి వేడెక్కుతాయి, గరగరమంటాయి, ఆ వణుకు గైరోకి చేరి తోక సన్నగా ఊగడం మొదలవుతుంది. మోటారు కరెంటు ఎక్కువ తాగుతుంది, ఎగిరే సమయం తగ్గుతుంది. వదులైతే టిక్కుమన్న చప్పుడైనా వినిపిస్తుంది. మితిమీరిన బిగువు మాత్రం మొదట్లో ఏ చప్పుడూ లేకుండానే బేరింగుల్ని తినేస్తుంది. అందుకే నాకు దాని మీదే ఎక్కువ భయం.

ఎంత బిగించాలో వేలికి తెలియాలి. సైకిల్ షాపులో చైను బిగించాక మెకానిక్ దాన్ని మధ్యలో వేలితో ఒకసారి పైకీ కిందికీ ఆడించి చూస్తాడే, ఇదీ అంతే. ముందు బ్యాటరీ తీసేయాలి. ఈ సైజు మోడల్లో కూడా పెద్ద రెక్క కొన గంటకి 330 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది, అది చేతికి తగిలితే బొమ్మ అని చూడదు. బెల్టు బూమ్‌లోకి, అంటే తోక గొట్టంలోకి, దూరే చోట, ఫ్రేము సందులోంచి రెండు వరసలూ కనిపిస్తాయి. అలెన్ కీ మొండి కొనతో ఒక వరసని రెండో దాని వైపు తేలిగ్గా నొక్కాలి. మధ్యనున్న ఖాళీలో సుమారు సగం దాకా వెళ్లి, అక్కడ మెత్తగా ఎదురు నెడితే సరిపోయినట్టే. బలం పెట్టకుండానే రెండు వరసలూ ఒకదానికొకటి తగిలితే వదులు. నొక్కినా కదలనంటే మరీ బిగువు. మీ మోడల్ మాన్యువల్ వేరే కొలత చెబితే మాత్రం దాని మాటే వినండి.

సవరించడం అంటే బూమ్‌ని వెనక్కో ముందుకో జరపడమే. ఫ్రేములో బూమ్‌ని పట్టుకున్న స్క్రూలు వదులు చేయాలి. బూమ్ కింద రెండు వైపులా ఊతంగా ఉండే సన్న కడ్డీలు ఒకవైపు ఫ్రేముకీ రెండోవైపు బూమ్‌కీ బిగించి ఉంటాయి కాబట్టి, బూమ్ మీది వాటి క్లాంపు కూడా వదులు చేయాలి. అది మరిచిపోతే బూమ్ జరగదు, జరిగినా కడ్డీలు వంగి బిగుసుకుంటాయి. తోక సర్వో (తోక రెక్కల కోణం మార్చే చిన్న మోటారు) బూమ్ మీదే ఉంటే దాని లింకు కొలత మారదు. ఫ్రేము మీద ఉంటే మారుతుంది, దాన్ని మళ్లీ సరిచూసుకోవాలి. బూమ్‌ని జరిపేటప్పుడు మిల్లీమీటరులో సగం కూడా పెద్ద మార్పే. కొంచెం లాగడం, ఒక స్క్రూ బిగించడం, నొక్కి చూడడం. సరిపోయాక అన్నీ బిగించి పెద్ద రెక్కల్ని చేత్తో తిప్పి వదిలితే, ఎక్కడా పట్టేయకుండా సాఫీగా తిరిగి ఆగాలి. ఆ తర్వాత మొదట చెప్పిన పరీక్ష, తోక పట్టుకుని నెట్టడం.

మన ఎండలు కూడా ఇందులో వేలు పెడతాయి. అల్యూమినియం వేడికి బాగా సాగుతుంది, బెల్టు లోపలి దారాలు దాదాపు సాగవు. బూమ్ 35 సెంటీమీటర్లనుకుంటే, జనవరి ఉదయం 15 డిగ్రీల నుంచి మే మధ్యాహ్నం 45కి వచ్చేసరికి అది పావు మిల్లీమీటరు పెరుగుతుంది, అంటే రెండు మూడు కాగితాల మందం. చలికాలంలో సరిగ్గా ఉన్న బెల్టు ఎండాకాలంలో ఆ మేరకు బిగుస్తుంది. అందుకే ఎగరేయబోయే వాతావరణంలోనే చూసుకోవడం మంచిది.

ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన వాన్ డి గ్రాఫ్ జనరేటర్ గుర్తుందా? 1929లో రాబర్ట్ వాన్ డి గ్రాఫ్ పట్టు రిబ్బన్ తిప్పి విద్యుదావేశం పోగు చేశాడు. బూమ్ లోపల పరిగెత్తే బెల్టు కూడా తెలియకుండా అదే పని చేస్తుంది. పొడి గాలిలో ఆ ఆవేశం పెరిగి పెరిగి ఎక్కడో చిటుక్కున దూకితే సర్వోలు ఉలిక్కిపడతాయి, పాత రేడియోలైతే సిగ్నలే తడబడేది. వదులు బెల్టు గొట్టం గోడలకి రాసుకుంటే ఇది ఇంకా ఎక్కువ. బూమ్‌ని ఒక సన్న తీగతో మోటారు ఒంటికి కలిపితే ఆవేశం పోగవదు. తీగ తగిలే చోట బూమ్ మీది రంగు పూత గీకేయాలి, ఆ పూత కరెంటుని పోనివ్వదు.

బెల్టు అంటే చౌక మోడళ్ల వ్యవహారమని కొట్టిపారేసేవాళ్లున్నారు. ఆ మాట నేనొప్పుకోను. ఇటలీ నుంచి వచ్చిన పెద్ద గాబ్లిన్ 700 తోక కూడా బెల్టుతోనే నడుస్తుంది. బెల్టుకి బదులు తిరిగే కడ్డీతో నడిచే తోక నేలకి తగిలితే గేర్ల పళ్లు రాలిపోవచ్చు. బెల్టు అయితే చాలాసార్లు ఒక పన్ను దాటి ఊరుకుంటుంది.

కొత్త బెల్టు మొదటి కొన్ని ఫ్లైట్లలో కుదురుకుని కాస్త వదులవుతుంది. అందుకే బిగించిన వెంటనే, బూమ్ ఫ్రేములోంచి బయటికొచ్చే అంచు దగ్గర సన్న మార్కర్‌తో చుట్టూ ఒక గీత గీస్తాను. తర్వాత ఎప్పుడు చూసినా ఆ గీత అంచుకి ఆనుకునే ఉండి బెల్టు మాత్రం వదులైతే, బెల్టే సాగింది. గీత ఫ్రేము లోపలికి దాక్కుంటే, బూమే జారింది, బిగించాల్సింది స్క్రూలు.